నైట్ డ్యూటీ అడిగి తీసుకో

కొత్తగా స్టాఫ్ నర్సులుగా చేరే అమ్మాయిలు సలహా అడిగితే, అందరూ చెప్పేదానికి అడ్డంగా చెబుతాను. వాళ్ల అమ్మలకు నా మీద కోపం. అయినా ముప్పై ఏళ్లు వార్డుల్లో నిలబడ్డాక నేను నమ్మేది ఇదే.

ఇంటర్వ్యూలో ముందే జీతం అడగొద్దమ్మా. రాత్రి షిఫ్టులో ఒక్క సిస్టర్‌కి ఎన్ని మంచాలో అడుగు. జనరల్ వార్డులో టీచింగ్ ఆసుపత్రి అయితే ముగ్గురికి ఒకరు, మిగతా చోట్ల ఐదుగురికి ఒకరు అని నర్సింగ్ కౌన్సిల్ లెక్క. ఇరవై అన్నారా, జీతం ఎంతైనా లేచి వచ్చేయ్. అమెరికాలో పెన్సిల్వేనియా ఆసుపత్రుల మీద లిండా ఏకెన్ బృందం 2002లో లెక్క తేల్చింది: నర్సుకు ఒక్క రోగి పెరిగితే, ఆమె ఉద్యోగంతో విసిగిపోయే అవకాశం 15 శాతం పెరుగుతుందట. ఒక్క రోగికే!

జీతం అక్కర్లేదనడం లేదు. యాభై మంచాల్లోపు ప్రైవేటు ఆసుపత్రిలో కూడా నెలకు 20,000 తగ్గకూడదని 2016లో సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ సిఫార్సు చేసింది. చేరాక అడుగు. ఒక్కదానివే కాదు, వార్డంతా కలిసి.

ఇక నైట్ డ్యూటీ. నిద్ర పాడవుతుందంటారు, నిజమే. కానీ పగలు వార్డు నీది కాదు. రౌండ్స్, విజిటర్లు, బిల్లింగ్ నుంచి ఫోన్లు. రాత్రి రెండింటికి విరేచనాలతో వాడిపోయిన పసివాడొస్తాడు, నరం దొరకదు. అరచేతి కింద టార్చి పెడితే ఎర్రటి వెలుగులో సన్నటి నల్లగీత కనిపిస్తుంది. క్యాన్యులాలోకి చుక్క రక్తం రాగానే, అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి ఆ తల్లి వదులుతుంది. ఆ పని పూర్తిగా నీది. నన్ను ఈ ఉద్యోగంలో నిలబెట్టింది అదే.

ఐసీయూ అనుభవముంటే గల్ఫ్ వెళ్లొచ్చని అందరూ అక్కడికే తోస్తారు. నువ్వు మాత్రం వార్డుని చూడకు, ఇన్‌ఛార్జ్ సిస్టర్‌ని చూసి చేరు. నా కొత్తలో ఒక డాక్టరుగారు పేషెంట్ల ముందే కేస్ షీటు నా మీదికి విసిరారు. మా ఇన్‌ఛార్జ్ వంగి దాన్ని తీసి, దులిపి, ఆయన చేతికే ఇచ్చింది. "మా పిల్లకి చెప్పాల్సిందేదైనా నాకు చెప్పండి సార్" అంది. పక్క ఆసుపత్రిలో ఎక్కువ ఇస్తామన్నా ఆ వార్డులోనే ఏడేళ్లున్నాను.