వయసు మీదపడని అంకెలు

పుట్టిన ప్రాణికి ముసలితనం తప్పదన్న మాట మనుషులకూ పశువులకూ వర్తిస్తుందేమో గానీ, భారత ప్రభుత్వం వృద్ధుల కోసం పుట్టించిన అంకెలకు వర్తించదు. వృద్ధుల వయసు పెరుగుతుంది, వారు మింగే మాత్రల ధర పెరుగుతుంది, వారికిచ్చే సొమ్ము తాలూకు అంకె మాత్రం జర ఎరుగని దేవతలా పుట్టిననాటి రూపంతోనే వెలిగిపోతుంటుంది.

ఈ నిత్యయవ్వనులలో అగ్రతాంబూలం రెండు వందల రూపాయలది. దారిద్ర్యరేఖకు దిగువనున్న వృద్ధులకు కేంద్రం తన వాటాగా ఇచ్చే నెలసరి పింఛను 1995లో 75 రూపాయలతో మొదలై, 2006లో 200కు చేరి, అక్కడే మఠం వేసుకుంది. 2011లో అర్హత వయసును 65 నుంచి 60కి తగ్గించి, 80 నిండినవారికి 500 చేశారు గనుక, ఆ పెంపు కోరేవారు చేయవలసిందల్లా రోజుకు ఏడు రూపాయలైనా గిట్టని సొమ్ముతో ఇరవై ఏళ్లు బతికి చూపించడమే. తెలంగాణ 2019లో 2,016 రూపాయలకు, ఆంధ్రప్రదేశ్ 2024లో 4,000కు పింఛనును పెంచాయంటే అది ఆయా రాష్ట్రాల ఖజానా చలవే. అందులో కేంద్రం వాటాను గుర్తుపట్టాలంటే శుక్లాలు తీయించుకున్న కన్ను కూడా చాలదు.

రెండో నిత్యయవ్వనం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలో కొలువై ఉంది. పోషణ అంటే ఈ చట్టం దృష్టిలో తిండి, బట్ట, నివాసం, వైద్యం. పిల్లలు వీటికి మొహం చాటేస్తే, వకీలుతో పనిలేకుండా విచారించే ట్రైబ్యునల్‌లో, అంటే తెలుగు నాట ఆర్డీవో స్థాయి అధికారి ఎదుట, అర్జీ పెట్టుకోవచ్చు. అయితే పిల్లలు డాలర్లలో సంపాదిస్తున్నా సరే, ఇప్పించగల మొత్తం నెలకు 10,000 దాటకూడదు. ఇక సంరక్షణలో ఉన్న వృద్ధుణ్ణి వదిలించుకునే ఉద్దేశంతో ఎక్కడైనా విడిచిపెడితే మూడు నెలల వరకు జైలు, లేదా 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. ఈ వాక్యంలో శిక్షకన్నా ‘లేదా’కే బలమెక్కువ. జరిమానాతో సరిపోయే పక్షంలో, తండ్రిని విడిచిపెట్టే ఖర్చు ఆయనను పదిహేను రోజులు పోషించే ఖర్చుకు మించదని ఏ కుమారరత్నమైనా వేళ్ల మీద లెక్కగట్టగలడు. ఆ లెక్కలు నేర్పించిందీ ఆ తండ్రే.

ఆ పదివేల పరిమితిని ఎత్తివేసి, కోడళ్లనూ అల్లుళ్లనూ బాధ్యులలో చేర్చాలని 2019 డిసెంబరులో లోక్‌సభలో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు, చట్టమయ్యే ఈడు రాకుండానే 2024లో ఆ సభతోపాటే కాలం చేసింది. ముసలితనం చూడకుండా వెళ్లిపోయిన వాటిలో రైలు రాయితీ కూడా ఉంది. 60 నిండిన పురుషులకు 40 శాతం, 58 నిండిన స్త్రీలకు 50 శాతం ఉండిన ఆ రాయితీని, పెద్దలు అనవసరంగా ప్రయాణించి కరోనా బారిన పడకూడదన్న దయతో 2020 మార్చిలో నిలిపివేశారు; జబ్బు తగ్గాక రైళ్లు కదిలాయి, దయ మాత్రం ఇప్పటికీ కదల్లేదు.

అంకెలకు వయసు తెప్పించే విద్య ప్రభుత్వానికి రాదనుకుంటే అపచారం. ఉద్యోగుల కరువు భత్యాన్ని ఏటా రెండుసార్లు సవరించే సంప్రదాయం ఉండనే ఉంది. ఎంపీల జీతాన్ని 2018లో వ్యయ ద్రవ్యోల్బణ సూచీకి, అంటే ధరల పెరుగుదలను ఏటా కొలిచి చెప్పే సంఖ్యకు, ముడివేశారు. ఆ లెక్కన 2025 మార్చిలో వెలువడిన ప్రకటనతో జీతం లక్ష నుంచి 1,24,000కు, మాజీ ఎంపీ పింఛను 25,000 నుంచి 31,000కు పెరిగాయి, అదీ 2023 ఏప్రిల్ నుంచి లెక్కించి మరీ. ధర పెరిగినప్పుడు పింఛనూ పెరగాలన్న ఈ సూత్రంలో వంక పెట్టవలసిందేమీ లేదు. ఆ రెండు వందలనూ ఆ పదివేలనూ కూడా అదే సూచీకి కట్టవలసి ఉంది, అంతే. ఎందుకంటే మాజీ ఎంపీ కొనే రక్తపోటు మాత్రకూ, పింఛను కోసం నిలబడిన ముసలవ్వ కొనే అదే మాత్రకూ మందుల దుకాణంలో ధర ఒక్కటే.