చదువు అంటకుండా బడికి పంపే చిట్కాలు

2010 ఏప్రిల్ 1న విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు బడిలో ఉండాల్సిందేనంది. అప్పటి నుంచి పిల్లోణ్ని గొర్రెల వెంట పంపినా, టమాటా కోతకు తీసుకుపోయినా ఎవరో ఒకరు ఇంటికొచ్చి అడుగుతూనే ఉన్నారు. కర్ణాటకలో చాకవేలు, చేళూరు, బాగేపల్లి చుట్టుపక్కల తెలుగు మాట్లాడే అన్నలూ అక్కలూ దీనికి దిగులుపడనక్కర్లేదు. చట్టం పంపమన్నది బడికి. చదువు రాలేదని తల్లిదండ్రుల మీద కేసు పెట్టే సెక్షను అందులో లేదు. పోలియోకు చుక్కలున్నట్టే చదువుకూ ఉన్నాయి. వేళ తప్పకుండా వేయిస్తే బిడ్డ పదేళ్లు బడిలో కూర్చున్నా ఏమీ అంటకుండా ఇల్లు చేరతాడు.

1. తెలుగు గేటు బయటే ఉండాలి

మన వైపు ఆరేళ్ల బిడ్డ బడికి ఉత్త చేతులతో పోడు. శెనక్కాయ ఎప్పుడు పీకాలో వాడికి తెలుసు. క్రేటుకు ఎన్ని కేజీల టమాటా పడుతుందో, చింతామణి మార్కెట్లో ధర పడితే నాయన ముఖం ఎట్లా ఉంటుందో తెలుసు. వెయ్యడుగులు దించిన బోరులో నీళ్లు పడకపోతే ఆ రాత్రి ఇంట్లో ఎవరూ మాట్లాడరనీ తెలుసు. ఇదంతా వాడికి తెలుగులో తెలుసు. పాఠం మాత్రం కన్నడంలో ఉంటుంది.

ఈ రెండింటికీ వంతెన పడితే ప్రమాదం. కాబట్టి బిడ్డకు ముందే నేర్పండి: తెలుగులో చెప్పిన సరైన జవాబు తప్పు, కన్నడంలో చెప్పిన తప్పు జవాబు కొంత నయం. టీ అంగడి దగ్గర మీతో తెలుగులోనే మాట్లాడే మేష్ట్రును కూడా ఒక కంట కనిపెట్టండి. పిల్లోడు తెల్లమొహం వేశాడని జాలిపడి, తీసివేతను ఆయన ఎప్పుడైనా తెలుగులో చెప్పేయగలడు. అట్లాంటిది జరిగితే బడి బాగోగులు చూసే ఎస్‌డిఎంసి కమిటీ మీటింగులో గట్టిగా అడ్డుకోండి. మొదటి రెండేళ్లు పిల్లోడు క్లాసులో నోరెత్తకపోతే బుద్ధిమంతుడని ఊరంతా చెప్పుకోండి.

ఇంకో రహస్యం కూడా దాచాలి. కొన్ని వందల ఏళ్ల కిందట కన్నడానికీ తెలుగుకూ ఒకే లిపి. కన్నడ అక్షరాలు బాగా వచ్చిన బిడ్డ క, త, శ లాంటి కొన్నింటి దగ్గర, తలకట్టు దగ్గర తడబడినా, నాలుగు రోజులు కూర్చోబెడితే కదిరి బస్సు బోర్డు చదివేస్తాడు. ఒక చదువు ఖర్చుతో రెండు భాషలు చదవడం, రాయడం వచ్చేస్తాయి. ఈ సంగతి వాడి చెవిన పడనివ్వకండి.

2. మాతృభాషను అర్జీలో మార్చుకోండి

కర్ణాటక సర్కారు 1994లో ఒక ఆదేశం తెచ్చింది. ఒకటి నుంచి నాలుగో తరగతి దాకా పాఠాలు మాతృభాషలోనో కన్నడంలోనో చెప్పాలంది. ప్రైవేటు బడులు కోర్టుకెక్కాయి. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ బలవంతం చెల్లదంది. బిడ్డ మాతృభాష ఏదో తేల్చేది తల్లిదండ్రులేనని కూడా చెప్పింది. 2019-20లో సర్కారే వెయ్యి సర్కారీ బడుల్లో ఇంగ్లీషు మీడియం సెక్షన్లు తెరిచింది.

ఇన్నేళ్ల రచ్చా కన్నడమా ఇంగ్లీషా అన్నదాని చుట్టూనే తిరిగింది. చాకవేలు పిల్లోడు ఇంట్లో మాట్లాడేది ఆ రెండూ కాదు. 1956లో రాజ్యాంగంలోకి వచ్చిన 350-ఎ అధికరణం ఇలాంటి బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించమంటుంది. దాన్ని పుస్తకంలోనే భద్రంగా ఉండనివ్వండి. కోర్టు మీకిచ్చిన హక్కును మాత్రం పూర్తిగా వాడుకోండి. పొద్దున లేచి ‘సంగటి తిన్యావా నాయనా?’ అని అడిగే తల్లి, అడ్మిషన్ ఫారంలో మాతృభాష దగ్గర ఇంగ్లీషు అని రాసుకోవచ్చు.

ఇక బడి ఎంచుకోవడం సులభం. వ్యాను పసుపుగా ఉందా, టై ఉందా, షూలు రెండు జతలా, ఇంతే చూడండి. లోపల ఇంగ్లీషు పాఠాన్ని టీచరు కన్నడంలో వివరిస్తే, బిడ్డ తెలుగులో ఊహించుకుని, పరీక్షలో ఇంగ్లీషులో రాయాలి. మూడు భాషలు దాటేసరికి పాఠంలో అర్థం మిగలదు. స్పెల్లింగు మిగులుతుంది. ఫీజు అప్పు కూడా మిగులుతుంది.

3. కార్డులు బీరువాలోనే ఉండాలి

సర్కారీ బడిలో నలి-కలి అనే పద్ధతి ఒకటుంది, జాగ్రత్త. దాని పుట్టుక మనకు దూరమేమీ కాదు. ఆంధ్ర సరిహద్దు దాటితే మదనపల్లె దగ్గర రిషివ్యాలీ. అక్కడి చుట్టుపక్కల చిన్న పల్లెబడుల్లో, ఒకే గదిలో రకరకాల వయసుల తెలుగు పిల్లలకు కార్డులతో చదువు చెప్పే పద్ధతి తయారైంది. ప్రతి బిడ్డా తన మెట్టు తాను ఎక్కుతాడు. రానిది వచ్చేదాకా ఆ మెట్టు మీదే ఉంటాడు. జ్వరమొచ్చి పది రోజులు రాకపోయినా, వదిలిన కార్డు దగ్గరే మళ్లీ మొదలుపెడతాడు. 1995లో మైసూరు జిల్లా హెగ్గడదేవనకోటె టీచర్లు అది చూసి వచ్చి తమ బడుల్లో కన్నడంలోకి తెచ్చుకున్నారు. 2009 తర్వాత రాష్ట్రమంతటా సర్కారీ బడుల చిన్న తరగతులకు పాకింది. మన పక్క తాలూకాల తెలుగు పిల్లల కోసం పుట్టిన పద్ధతి మైసూరు చుట్టి, కన్నడం నేర్చుకుని, మన గడపకొచ్చింది.

కోతల కాలంలో నాగాలు పెట్టే మన పిల్లలకు ఇది అచ్చంగా సరిపోతుంది. అందుకే ఆపాలి. బడికి పోయి ‘ఆటలాడించడానికా జీతం?’ అని ఒక్క కేక వేయండి. కార్డులు బీరువాలోకి పోతాయి. అధికారులు వచ్చిన రోజు బయటకొచ్చి, ఫోటో దిగి మళ్లీ లోపలికి పోతాయి.

4. పుస్తకం మూయనివ్వకండి

పిల్లోడు పుస్తకం తెరిచి, ఊగుతూ, గట్టిగా, చదివిందే చదువుతుంటే మీ పని సగం అయినట్టే. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగుసార్లు చదివారు. ఇంకొందరు ఒక్కసారి చదివి, పాఠం పక్కనపెట్టి, గుర్తున్నది మూడుసార్లు రాసుకున్నారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే నాలుగుసార్లు చదివినవాళ్లే గెలిచారు. వారం తర్వాత వాళ్లకు గుర్తున్నది 40 శాతం. పాఠం చూడకుండా రాసుకున్నవాళ్లకు 61 శాతం.

కాబట్టి మీరు పరీక్షించదల్చుకుంటే ఐదు నిమిషాల తర్వాతే పరీక్షించండి, గడగడా అప్పజెప్తాడు. వారం తర్వాత అడగకండి. ‘ఇప్పుడు చదివిందేమిటో పుస్తకం మూసి నాకు చెప్పు నాయనా’ అనే అవ్వలను పిల్లలకు దూరంగా ఉంచండి. అవ్వకు అక్షరం రాకపోయినా, ఆ మాటతో వారం తర్వాత కూడా పాఠం నిలిచిపోతుంది. బోర్డు మీది జవాబులు నోట్సులోకి, నోట్సులోవి పరీక్ష పేపరులోకి ఎక్కించడమే చదువని చెప్పండి.

5. సంచి మీది తరగతిని నమ్మండి

మూడో తరగతి బిడ్డ రెండో తరగతి పాఠం చదవగలడో లేదో చూడటం మర్యాద కాదు. ‘అసర్’ సర్వేవాళ్లు ఆ అమర్యాద చేశారు. 2024లో దేశంలోని పల్లెల్లో, సర్కారీ బడుల మూడో తరగతి పిల్లల్లో అది చదవగలిగినవాళ్లు 23.4 శాతమే. ఇలాంటి లెక్క మీ ఇంట్లో వేయకండి. ఒక కథ ఇచ్చి చదివిస్తే రెండు నిమిషాల్లో నిజం తేలిపోతుంది. ఆ తర్వాత రోజూ అరగంట పక్కన కూర్చోవాల్సి వస్తుంది. ఫోను చేతికిస్తే ఆ అరగంట కూడా మిగులుతుంది.

పదో తరగతి ఎస్‌ఎస్‌ఎల్‌సి పరీక్ష దాకా ఇట్లాగే లాక్కురావచ్చు. ఆ ఒక్క చోట ఇటీవల చిన్న చిక్కొచ్చింది. 2024లో పరీక్ష గదుల్లో కెమెరాలు పెట్టి వెబ్‌కాస్టింగు చేశారు. అంతకుముందు ఏడు 83.89 శాతం పాసైతే, ఆ ఏడు 73.40కి పడింది. అదీ గ్రేసు మార్కులు ఎప్పటికంటే ఎక్కువ కలిపాక. చదువు లేకపోవడం బయటపెట్టింది కెమెరా కాబట్టి తప్పు కెమెరాదేనని వాదించండి. ఒకటో తరగతి దాకా వెనక్కి పోయి వెతకబోకండి.

6. పెద్దమనిషి పటానికి దండ వేసి వదిలేయండి

మన జిల్లాలోనే, గౌరిబిదనూరు తాలూకా హోసూరులో 1920లో పుట్టిన హెచ్. నరసింహయ్య అనే పేద పిల్లోడు 1935లో చదువు కోసం బెంగళూరుకు నడిచిపోయాడు. ఫిజిక్సు చదివాడు, బెంగళూరు యూనివర్సిటీకి వైస్ చాన్సలరయ్యాడు. చూసింది, విన్నది ఏదైనా అడిగి తేల్చుకోవాలనే పట్టుదల ఆయనది. 1976లో సత్యసాయిబాబా మహిమలను పరీక్షించడానికి కమిటీ వేసేదాకా పోయింది ఆ పట్టుదల. బాగేపల్లిలో నేషనల్ కాలేజీ రావడానికీ ఆయనే కారణం.

ఇంత దగ్గర్లో ఇలాంటి మనిషి ఉండి పోవడం ఇబ్బందే. విరుగుడు తేలిక. ఏడాదికోసారి పటం పెట్టి, దండ వేసి, పిల్లలచేత చప్పట్లు కొట్టించండి. అదే రోజు క్లాసులో ఎవరైనా ‘ఎందుకు మేష్ట్రూ?’ అంటే ‘సిలబసులో లేదు, కూర్చో’ అనాలి. దండ వాడిపోయేలోగా ఆ అలవాటు వాడిపోతుంది.

7. అన్నీ చేసినా అంటుకుంటే

లక్షణాలు ముందు ఇంట్లోనే కనిపిస్తాయి. కన్నడంలో ఉన్న పహణి తీసి, తాతకు తెలుగులో చదివి వినిపిస్తాడు. సర్వే నంబరు పక్కన పేరు మారిందేమని అడుగుతాడు. మందు డబ్బా మీద లీటరుకు ఎన్ని మిల్లీలని చూసి, అంగడాయన చెప్పిన లెక్క తప్పంటాడు. నూటికి మూడు వడ్డీ అంటే నెలకా ఏడాదికా అని తేల్చమంటాడు. ఈ దశకు వచ్చినవాడికి ఏ చుక్కలూ పనిచేయవు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి: అప్పు కాగితం మీద నాయన వేలిముద్ర వేసే రోజున వాణ్ని ఏదో ఒక సాకుతో సంతకు పంపించేయండి.