అడుగుడి, ఫారం నింపుడి

వేదాంత విద్యలో బి.డి. మూడో ఏట అడుగుపెట్టావు తమ్ముడూ. మొదటేడు నేర్చిన గ్రీకు క్రియలు సగం మరిచిపోయావు. ఇప్పుడు జనంలోకి వెళ్ళి పనిచేస్తూ నేర్చుకోమన్నారు. ఎండాకాలంలో ఇంటర్న్‌షిప్పు, దానికి తోడు ఒక చిన్న ప్రాజెక్టు, ఆ ప్రాజెక్టుకో గ్రాంటు. ఫారం చేతపట్టుకుని నా దగ్గరికి వచ్చావు చూడు, అక్కడే నీ తెలివి తెలిసింది. పాతికేళ్ళుగా ఇలాంటి దరఖాస్తులు రాశాను, రాయించాను, ఆ తరవాత బల్లకు అవతల కూర్చుని వడపోశాను కూడా. నేను చెప్పినట్టు చేస్తే డబ్బు రాకపోవడమంటూ ఉండదు. చదువు సంగతంటావా, అది మార్కుల జాబితాలో ఎలాగూ వస్తుంది.

ముందుగా ఒకటి. దరఖాస్తు పూర్తయ్యేదాకా నువ్వు పనిచెయ్యబోయే ఊరి పొలిమేర తొక్కకు. తొక్కావో, చెడ్డావు. నీ సీనియర్ ఒకడు ఉత్సాహం ఆపుకోలేక ముందే వెళ్ళాడు. ఆడవాళ్ళకు కుట్టుమిషన్లు ఇప్పించి ఉద్ధరించాలని వాడి ఆలోచన. ఆ వీధిలో అప్పటికే ఇంటికో కుట్టుమిషను మూలన పడి ఉంది, ముగ్గురు దాతల పేర్లతో. వాళ్ళడిగిందేమిటంటే, వితంతు పింఛను కాగితాలు మీసేవ నుంచి మూడుసార్లు వెనక్కి వచ్చాయి, కాస్త చదువుకున్నవాడివి, కూడా వచ్చి మాట్లాడు నాయనా అని. ఇప్పుడు దీన్ని ఏ పద్దు కింద రాస్తాం? వాడు నెల రోజులు మీసేవ చుట్టూ తిరిగాడు, ప్రాజెక్టు మాత్రం గట్టెక్కలేదు. హాస్టల్ గదిలో ఫ్యాను కింద కూర్చుని రాసిన ప్రపోజలుకు ఇలాంటి అడ్డంకులుండవు. కుట్టుమిషన్లే రాసెయ్యి.

'అవసరం' అనే గడి దగ్గర పిసినారితనం పనికిరాదు. పేదరికాన్ని చిక్కగా కలపాలి. ఆ ఊళ్ళో అందరూ ఏడుస్తూ ఉండాలి, ఎవరికీ ఏమీ తెలిసి ఉండకూడదు. ముఖ్యంగా ఆ బియ్యం డబ్బా సంగతి ఎక్కడా రానీయకు. మిజోరంలో 1910 నుంచీ సంఘపు ఆడవాళ్ళు పూటపూటకూ వంటకు ముందు గుప్పెడు బియ్యం తీసి దేవుని పనికి విడిగా పెడుతున్నారు. మన పల్లె సంఘాల్లోనూ ఆ డబ్బా ఉంది. కోతల పండుగ నాడు గుడి ముందర సొరకాయనీ కోడిపుంజునీ వేలంపాట పాడి, ఉన్న ధరకు నాలుగింతలు పెట్టి కొనేది కూలికెళ్ళే మనుషులే. దూరదేశంలో కూర్చుని నీ దరఖాస్తు చదివే పెద్దమనిషికి ఇది తెలిస్తే ఏమనుకుంటాడు? వీళ్ళు తీసుకునేవాళ్ళు కాదు, ఇచ్చేవాళ్ళు అనుకుంటాడు. మన పొట్ట కొట్టినట్టే.

మాటల విషయంలో పొదుపు వద్దు. సాధికారత, సుస్థిరత, సమగ్రత, భాగస్వామ్యం, ఈ నాలుగూ పోపు గింజల్లాంటివి, ఏ కూరలోనైనా పడతాయి. సందర్భీకరణ అనే మాట పేరాకొకటి వెయ్యి. ఈ మాటకో చరిత్ర ఉందిలే. 1958లో ఘనాలో అంతర్జాతీయ మిషనరీ మండలి సభ జరిగినప్పుడు వేదాంత విద్య కోసం ఒక నిధి పెట్టారు. 40 లక్షల డాలర్లు, సగం రాక్‌ఫెల్లర్ సొమ్ము, సగం మిషన్ బోర్డులది. ఆ నిధికి తరవాత అధిపతి అయిన తైవాన్ దేశస్థుడు షోకీ కో, 1972 ప్రాంతంలో ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. పరాయి నేల చదువును తెచ్చి అతికించడం కాదు, పాదరి ఏ మనుషుల మధ్య బతకబోతాడో వాళ్ళ బాధల్లోంచి, వాళ్ళ కాలంలోంచి చదువు పుట్టాలని ఆయన తాపత్రయం. నువ్వంత లోతుకు దిగొద్దు. మాట వేస్తే చాలు.

ఆ తరవాత లాగ్‌ఫ్రేమ్ పట్టిక వస్తుంది. 1969లో అమెరికా సహాయ సంస్థ కోసం తయారైన ఆ నాలుగు నిలువు గళ్ళ గీతలు ఇప్పుడు మన బైబిలు క్లాసుల దాకా వచ్చాయి. అందులో అంకెలు కావాలి. '60 మంది యువకుల హృదయ పరివర్తన, మే 31 లోగా' అని రాయి. హృదయాన్ని ఎలా కొలుస్తావని అడిగితే హాజరుపట్టీ చూపించు.

అంకెలను నిర్లక్ష్యం చేస్తే ఏమవుతుందో మన ఒంగోలు క్లౌ దొరను చూసి నేర్చుకో. ధాత కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే, ఒకప్పుడు సర్వేయరుగా పనిచేసిన ఆ అమెరికన్ బాప్టిస్టు దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించే కాంట్రాక్టు పట్టాడు, వాళ్ళకు కూలి దొరకాలని. బాగానే ఉంది. కానీ సాయం సాగినన్నాళ్ళు, సుమారు 15 నెలలు, ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కోసం వచ్చారో విశ్వాసంతో వచ్చారో తేలని రోజుల్లో ఇవ్వనన్నాడు. 15 నెలలంటే అయిదు త్రైమాసిక నివేదికలు తమ్ముడూ! అయిదింటిలోనూ ఫలితం సున్నా. సాయం ఆగిపోయాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఉండొచ్చు. ఆరో నివేదిక దాకా ఆగే దాత ఎవడున్నాడు? మా కమిటీ అయితే రెండో సున్నాకే ఫైలు మూసేసేది.

ఇక బడ్జెట్టు. ఇది నా అసలు విద్య, నిదానంగా విను. పని ఏదైనా సరే, మొదటి ఖర్చు ఫ్లెక్సీ. దాని మీద దాత పేరు పైన, నీ ఫొటో పక్కన, ఊరి పేరు అడుగున చిన్నక్షరాల్లో. తరవాత ప్రారంభోత్సవం, అంటే శాలువాలు, మైకుసెట్టు, ముఖ్య అతిథికి కారు, వచ్చినవాళ్ళకు ఉప్మా పొట్లాలు. ముగింపు సభకు మళ్ళీ ఇవే, ఉప్మా బదులు బిర్యాని. మధ్యలో మిగిలింది కార్యక్రమం.

డబ్బు విదేశాలదైతే కాస్త జాగ్రత్త. 2020లో విదేశీ విరాళాల చట్టాన్ని సవరించాక, ఏ సంస్థకు వచ్చిన రూపాయైనా ముందు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే పడాలి. కార్యాలయ ఖర్చులు అంతకుముందు సగం దాకా చూపించుకునేవాళ్ళం, ఇప్పుడు 20 శాతం దాటకూడదు. ఒక సంస్థ తీసుకుని ఇంకో సంస్థకు అందించడం కూడా కుదరదు. దీంతో చాలామంది దిగులుపడ్డారు. నేను పడలేదు. నామకరణ మహోత్సవంలో నాకు నమ్మకం ఎక్కువ. ఆఫీసు ఏసీని 'అభ్యసన వాతావరణం' అన్నాను. కొత్త జిరాక్సు మిషను 'గ్రామీణ సాహిత్య సాధనం' అయింది. ఇలా రాస్తే ఆడిటర్లు పట్టుకోరా అంటావు. పట్టుకుంటారు. అప్పటికి నువ్వు ప్యాసైపోయి పాస్టరేటులో ఉంటావు, ఆ సంజాయిషీ ప్రిన్సిపాలుగారు రాసుకుంటారు.

ఓచర్ల మాట మరవకు. 5,000 రూపాయలు దాటిన రసీదుకు రెవెన్యూ స్టాంపు ఉండాల్సిందే. బిల్లు లేని పని అసలు జరగనే జరగలేదని లెక్క. అందుకే ఏ పనికి బిల్లు పుడుతుందో ఆ పనే ఎంచుకో. సెమినారుకు పుడుతుంది. ప్రమిదలాంటి జ్ఞాపికకు పుడుతుంది. పెద్దాసుపత్రి వార్డులో అర్ధరాత్రి ఒక ముసలాయన చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా కూర్చుంటే ఏ దుకాణంవాడు బిల్లిస్తాడు?

ఈ ఆసుపత్రి గొడవ మొదలుపెట్టింది ఆంటన్ బోయిసెన్ అనే ఆయన. మతి చలించి తాను స్వయంగా మానసిక వైద్యశాలలో ఉండి బయటపడిన మనిషి. 1925లో అమెరికాలోని వూస్టర్ మానసిక వైద్యశాలలో చాప్లినుగా ఉంటూ, కొద్దిమంది థియాలజీ విద్యార్థుల్ని ఎండాకాలానికి తెచ్చి వార్డుల్లో సేవకుల పనికి పెట్టాడు. పక్కలు సర్దడం, స్నానాలు చేయించడం, ఆపైన రోగి చెప్పేది వినడం. పుస్తకం ఎంత శ్రద్ధగా చదువుతారో మనిషినీ అంత శ్రద్ధగా చదవాలన్నాడు. ఆ పద్ధతి ప్రపంచమంతా పాకింది, మన వేలూరు క్రైస్తవ ఆసుపత్రిలోనూ నేర్పుతున్నారు. నీకెందుకు ఆ కంపు? మీ మామయ్యగారి సంఘ కార్యాలయంలో ఇంటర్న్‌షిప్పు పెట్టించుకో. లాప్‌టాప్, కుర్చీ, 'యూత్ కోఆర్డినేటర్' అనే బోర్డు. మధ్యాహ్నం అత్తయ్యగారు క్యారేజీ పంపిస్తారు.

సిఫార్సు ఉత్తరాలు నువ్వే రాసుకో, బిషప్‌గారు సంతకం పెడతారు. ఆయనకు చదివే తీరిక లేదు.

నివేదిక దగ్గరికొద్దాం. ఊరికి వెళ్ళిన మొదటిరోజే నాలుగు చొక్కాలు పట్టుకెళ్ళు. గంటకొకటి మార్చుకుని ఫొటోలు దిగితే నాలుగు వారాల కార్యక్రమం పూర్తి. పిల్లల్ని ముందు వరసలో కూర్చోబెట్టు, నవ్వొద్దని చెప్పు. 'నేను నేర్చుకున్నది' అనే చివరి వ్యాసం బయల్దేరకముందే రాసి పెట్టుకో. తిరిగొచ్చాక రాస్తే కలం ఆగుతుంది, నాకు తెలుసు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నిరుడు ఒక చెల్లెలు మా కమిటీకి పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది. ఆసుపత్రి సేవకని గ్రాంటు తీసుకుంది. ఫ్లెక్సీ లేదు, సభ లేదు. రెండు నెలలు డయాలిసిస్ వార్డులో కూర్చుంది. నివేదికలో మూడు పేజీలు ఒకే ఒక్క పెద్దావిడ గురించి రాసింది, పేరు మార్చి. మొదటి వారం తాను ప్రార్థన చేస్తానంటే ఆవిడ వద్దందట. రెండో నెలలో ఆవిడే ఈ పిల్లకు మల్లెపూలు మాల కట్టడం నేర్పిందట. ఎంతమంది లబ్ధిదారులు అన్న చోట 'ఒకరు' అని రాసి, పక్కన బ్రాకెట్లో 'నేను' అని రాసింది.

కమిటీలో ఒక పెద్దాయన ఆ పేజీలు చదివి కళ్ళద్దాలు తుడుచుకుంటూ అజరయ్యగారి మాట ఎత్తాడు. 1910లో ఎడిన్‌బరో సభలో, ఇంకా దోర్నకల్ బిషప్ కాకముందు, ఆయన మిషనరీల ఎదుట నిలబడి, మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు కావలసింది స్నేహం అన్నాడు కదా అని. అన్నాడు, కాదనను. స్నేహానికి పద్దు ఎక్కడుందో చెప్పమన్నాను. ఆ పెద్దాయన ఏమీ అనలేదు. చర్చ వాయిదా వేశాం.

అసలు చిక్కు అది కూడా కాదు. ఆ పిల్ల బస్సు ఛార్జీలు పోను మిగిలిన 3,240 రూపాయలు కవర్లో పెట్టి వెనక్కి తెచ్చి ఇచ్చింది. పాతికేళ్ళలో ఎవరూ అలా చేయలేదు. తీసుకోవడానికి మా దగ్గర ఫారం లేదు. ఢిల్లీకి రాస్తే ఏ పద్దు కింద అని అడిగారు, ఏమని రాయాలో తోచలేదు. ఆ కవరు నా సొరుగులో ఉంది. అప్పుడప్పుడు తీసి లెక్కపెడతాను, సరిగ్గానే ఉంటుంది. దాంతోపాటు ఆ మూడు పేజీలు కూడా అక్కడే పెట్టాను, ఫైలు చేయలేదు.

నువ్వు మాత్రం అలాంటి పనులు పెట్టుకోకు. మార్చి 31 లోగా అణాపైసలతో సహా ఖర్చుపెట్టెయ్యి. ఇంతకీ ఏ ఊరన్నావు? ఏ ఊరైతేనేం, ఫ్లెక్సీ సైజు ముందు తేల్చుదాం.