గురకకు బహిరంగ లేఖ

గురకా,

మా ఇళ్లలో నువ్వంటే నవ్వులాట. పెళ్లి విడిదిలోనైనా, రైలు బెర్తు మీదైనా నీ మీద హాస్యమే. “వాడికేం, హాయిగా గుర్రుపెట్టి నిద్రపోతాడు” అని మురిసిపోయే తల్లులూ ఉన్నారు. నీ చప్పుడును ఎలాగో భరిస్తాం. నాకు భయం నువ్వు ఉన్నట్టుండి ఆగిపోయినప్పుడు.

అప్పుడు గొంతు మూసుకుపోయి ఉంటుంది. ఛాతీ ఎగసిపడుతున్నా గాలి లోపలికి పోదు. పది సెకన్లు, ఇరవై, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ. రక్తంలో ఆక్సిజన్ పడిపోతుంది. మెదడు ఉలిక్కిపడి లేపితే మనిషి గట్టిగా ఊపిరి పీల్చి మళ్లీ నిద్రలోకి జారిపోతాడు. తెల్లారితే ఏదీ గుర్తుండదు. ఇదే స్లీప్ ఆప్నియా. తీవ్రమైతే గంటకు 30 సార్లకు పైనే.

ఆక్సిజన్ ఇలా పడుతూ లేస్తూ ఉంటే రక్తనాళాల లోపలి పొర దెబ్బతింటుంది. ఇన్‌ఫ్లమేషన్ (లోలోపలి వాపు) రాజుకుంటుంది. తెల్లకణాలు ఆ పొరకు అంటుకుని లోపలికి దూరతాయి, కొవ్వు పేరుకుంటుంది. ఊపిరి ఆడనప్పుడల్లా బీపీ ఎగబాకుతుంది. మూడు రకాల మాత్రలు వేసుకున్నా బీపీ దిగని వాళ్లలో చాలామంది దగ్గర నువ్వే దొరుకుతావు.

ఇన్‌ఫ్లమేషన్ ఒక్కటే గుండెను అంత దెబ్బతీస్తుందా అన్న సందేహానికి 2017లో కాంటోస్ పరిశోధన జవాబు చెప్పింది. కొలెస్ట్రాల్ జోలికి పోకుండా ఇన్‌ఫ్లమేషన్‌ను మాత్రమే తగ్గించే మందు 150 మిల్లీగ్రాముల మోతాదులో ఇస్తే, అంతకుముందు గుండెపోటు వచ్చినవారిలో మళ్లీ గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు 15 శాతం తగ్గాయి. ఇక నీ సంగతి: గుండె ఆగి హఠాత్తుగా చనిపోయినవారి వివరాలను అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు 2005లో ప్రచురించారు. అర్ధరాత్రి నుంచి ఉదయం ఆరు లోపు పోయినవారు స్లీప్ ఆప్నియా ఉన్నవారిలో 46 శాతం, లేనివారిలో 21 శాతం.

నీకు విరుగుడుగా గొంతు మూసుకోకుండా గాలి పంపే సీపాప్ మాస్కు ఉంది. 1981లో సిడ్నీలో కొలిన్ సల్లివన్ బృందం దాన్ని లోకానికి చూపింది. దానితో గుండెపోట్లు తగ్గుతాయని మాత్రం 2016 నాటి పెద్ద పరీక్షలో తేలలేదు. అందులో పాల్గొన్నవారు రాత్రికి సగటున 3.3 గంటలే పెట్టుకున్నారు. పగటి మగత, బీపీ మాత్రం తగ్గుతాయి. అదేం చిన్న మేలు కాదు.

ఆడవాళ్ల విషయంలో నీ ఆట ఇంకా బాగా సాగుతోంది. గురక పెడతామని చెప్పుకోవడానికి సిగ్గుపడి వాళ్లు డాక్టరు దగ్గరా దాచేస్తున్నారు.

ఇది చదివే వారికి ఒక మాట: పక్కన పడుకున్నవారి ఊపిరి రాత్రి ఆగుతున్నట్టు గమనిస్తే ఫోన్‌లో రికార్డు చేయండి. వారిని వెంటబెట్టుకుని వెళ్లి డాక్టరుకు వినిపించండి, స్లీప్ టెస్టు గురించి అడగండి.