చుండ్రుకి చేయకూడని వైద్యాలు

చుండ్రు అనగానే బంటుమిల్లి ఇళ్లలో ముందు నిమ్మచెక్క బయటికొస్తుంది. మాడు మీద అదిమి రుద్దుతారు. భగ్గున మండితే మందు పనిచేస్తోందని సంబరం. పాయ తీసి వెలుతుర్లో చూడండి: పొట్టు కింద చర్మం ఎర్రగా ఉంటుంది, గోటి గాట్ల దగ్గర రసి కారి అట్టకట్టి ఉంటుంది. ఆ పుండు మీద పులుపు పడితే మండక ఏం చేస్తుంది? పసిపిల్లల్ని ఆ బాధ పడనివ్వకండి.

"తల ఎండిపోయింది, నూనె దట్టంగా పెట్టు" అనేది ఇంకో మాట. చూడ్డానికి ఎండుపొట్టే గానీ చుండ్రు జిడ్డున్న చోటే పెరుగుతుంది. మలసీజియా అనే ఈస్ట్ అందరి తలల మీదా ఉంటుంది. చర్మంలో ఊరే జిడ్డుని తిని ఓలిక్ ఆమ్లం లాంటివి వదులుతుంది. అవి పడనివాళ్లకి చర్మం రేగుతుంది. దాదాపు నెల పట్టాల్సిన చర్మకణాల మార్పిడి తొందరపడి, ముదరని కణాలు గుంపులుగా ఊడొస్తాయి. భుజాల మీద రాలేది అదే. నూనె రాస్తే పొట్టు తడిసి అణుగుతుంది, అంతే. ఆదివారం తలంటి, మళ్లీ ఆదివారం దాకా నూనె మీద నూనె రాసి బిగించి జడలు వేయడం చుండ్రున్న పిల్లకి మంచిది కాదు. పెట్టాలనుంటే తలంటుకి గంట ముందు పెట్టి, జిడ్డు పోయేలా కడగండి.

మన సముద్రపు దాపు ఊళ్లలో బోరునీళ్లు ఉప్పగా ఉంటాయి, నురగ రాదు, జుట్టు బిరుసెక్కుతుంది. అందుకని నీళ్లని తిట్టుకుంటూ తలస్నానం మానేస్తే చుండ్రే పెరుగుతుంది. కాలవనీళ్లు పోసుకునేవాళ్లకీ అది వస్తుంది.

పేలదువ్వెనతో గీకడం కూడా వద్దు.

మరి ఏం వాడాలంటే, పెద్దవాళ్లకి కీటోకొనజోల్ 2 శాతం షాంపూ, వారానికి 2 సార్లు, 2 నుంచి 4 వారాలు. జుట్టుకి కాదు, మాడుకి పట్టించి 5 నిమిషాలు ఉంచాలి. చాలామంది వెంటనే కడిగేసి మందుని తప్పుపడతారు. పిల్లలకైతే డాక్టర్ని అడిగే వాడండి.

నాకు ఎక్కువ భయం ఎవరో చెప్పారని తెచ్చి రాసే స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్లంటే. దురద ఇట్టే తగ్గుతుంది, వాడేకొద్దీ చర్మం పలచబడుతుంది. పైగా ప్రతి పొట్టూ చుండ్రు కాదు. పిల్లల తలలో గుండ్రంగా జుట్టు ఊడి పొట్టు లేస్తుంటే అది తామర కావచ్చు. దానికి పైపూత చాలదు, వారాల తరబడి మాత్రలు కావాలి. నుదుటి దాకా దళసరి పొలుసులు పాకితే సోరియాసిస్ అవ్వచ్చు. ఈ రెంటిలో ఏది కనిపించినా బందరో గుడివాడో తీసుకెళ్లి చర్మం డాక్టరుకి చూపించండి.