వాచ్‌మన్‌ను పీకేశాం, సైట్ బ్రహ్మాండం!

శుక్రవారం సాయంత్రం. సైట్ తెరిస్తే 403 ఫర్బిడెన్. క్లయింటు ఫోను. మేనేజరుగారికి చెమటలు. మొదలైంది నాటువైద్యం. తొలి మోతాదు: సీఎచ్‌మాడ్ 777. అంటే ఇంటి తాళాలు ఊరందరికీ పంచడం. రోగం కుదర్లేదు. మలి మోతాదు: సెట్‌ఎన్‌ఫోర్స్ 0. సైట్ లేచి కూర్చుంది! చప్పట్లు. బిర్యానీ ఆర్డరు. మొనగాడికి 'ఈ నెల మేటి ఉద్యోగి' ఫొటో.

ఏం చేశాడా మొనగాడు? లినక్స్ సర్వరుకు కాపలా కాసే ఎస్ఈలినక్స్ అనే వాచ్‌మన్‌ను పక్కన కూర్చోబెట్టాడు. అంతే!

పాపం, ఆ వాచ్‌మన్ చెప్పనే చెప్పాడు. ఆడిట్ లాగ్‌లో ఒక్క లైను. ఎచ్‌టీటీపీడీ_టి అనే వెబ్ సర్వరువాడు యూజర్_హోమ్_టి ముద్ర ఉన్న ఫైలు చదవబోయాడు, ఆపాను, అని. ఎవరో మహానుభావుడు ఫైళ్లను తన హోమ్ ఫోల్డర్లో పెట్టుకుని, ఎంవీ కొట్టి వెబ్ ఫోల్డర్లోకి తోశాడు. ఎంవీ చేస్తే ఫైలుతోపాటు పాత ముద్ర కూడా వస్తుంది. సీపీ చేసి ఉంటే కొత్త చోటి ముద్ర పడేది. మందు? రీస్టోర్‌కాన్. ఒక్క కమాండు. టీ చల్లారేలోపు అయిపోయే పని. లాగ్ తెరిచింది ఎవరు? ఎవరూ లేరు!

ఆ లాగ్ రాసినవాళ్లనూ వదలొద్దు. ఎప్పుడు జరిగిందంటే గంటా నిమిషం చెప్పరు. 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన సెకన్లు ముఖాన కొడతారు. మనిషి చదవడానికా, పంచాంగం గుణించడానికా?

డేటాబేసు వేరే మిషన్‌లో ఉంటే వాచ్‌మన్ అడ్డుపడుతున్నాడా? ఎచ్‌టీటీపీడీ_కెన్_నెట్‌వర్క్_కనెక్ట్_డీబీ అనే మీట ఉంది. మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. సెట్‌ఎస్ఈబూల్‌తో ఆన్ చేస్తే సరి. పక్కన '-పి' పెట్టడం మరిచారా, రీబూటు దాకానే సంబరం. ఇక ఆడిట్‌టుఎలౌ వీరులు వేరే. ఆపినవన్నీ ఏరి, చూసుకోకుండా పర్మిట్లు రాసిచ్చేస్తారు. ఆ తలుపు తట్టింది దొంగయినా సరే, దొరగారికి దారి వదలండి!

ఇలా పక్కన కూర్చోబెట్టడాన్ని కొందరు పెద్దమనుషులు 'పర్మిసివ్' అంటారు. నాగరికంగా వినిపిస్తుంది. దొంగ మూట కట్టుకుపోతుంటే అడ్డుపడకుండా డైరీలో టైము రాసుకునే వాచ్‌మన్ అన్నమాట. పూర్తిగా పీకేసినవాళ్ల సంగతి ఇంకా ముచ్చట. ఆ తర్వాత పుట్టిన ఫైళ్లకు ముద్రలే ఉండవు. వాచ్‌మన్‌ను మళ్లీ పిలవాలంటే డిస్కు మొత్తానికీ ముద్రలు కొట్టాలి. ఎవరు కొడతారు? వచ్చే క్వార్టర్ చూద్దాం సార్!

లక్షలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ గైడు తెరవండి. ఎన్నింటిలోనో మొదటి మెట్టే 'ఎస్ఈలినక్స్ ఆపేయండి'. అట్టమీద మాత్రం 'ప్రపంచస్థాయి భద్రత'. సిగ్గుండక్కర్లా?

2000 డిసెంబరులో ఈ ఎస్ఈలినక్స్ తాళం కోడును ఊరికే పంచింది ఎవరనుకున్నారు? అమెరికా నిఘా సంస్థ ఎన్ఎస్ఏ. ఊళ్లోవాళ్ల మాటలు గోడచాటున వినే పెద్దమనిషే తాళం చేసిచ్చాడు. అదొక తమాషా. సెట్‌ఎన్‌ఫోర్స్ 0 కొట్టిన మొనగాడి జేబులోని ఆండ్రాయిడ్ ఫోనులోనూ ఇదే వాచ్‌మన్. 2014లో వచ్చిన 5.0 నుంచి పూర్తిస్థాయి డ్యూటీలో ఉన్నాడు. సొంత సెల్ఫీలకు కాపలా కావాలి. జనం ఆధార్ నంబర్లున్న సర్వరుకు మాత్రం అక్కర్లేదు!

సోమవారం ఆడిటర్ వచ్చాడు. ఫారంలో పన్నెండో ప్రశ్న.

''ఎస్ఈలినక్స్ ఎన్‌ఫోర్సింగేనా అండీ?''

''ఆఁ, అవునండీ.''

టిక్కు పడింది. గెట్‌ఎన్‌ఫోర్స్ అని ఒక్క మాట కొడితే గుట్టు తెరమీద కనబడేది. ఆయనకు తీరికేదీ? మధ్యాహ్నంలోపు ఇంకో మూడు కంపెనీలు ముగించాలి.