గిట్టుబాటయ్య

భోజన హోటలులో ఫుల్ మీల్సు టిక్కెట్టు కొని కూర్చున్నవాడు తన యాకలి సంగతి మరచి, వడ్డించువాని గరిటెనే కనిపెట్టుచు, మూడవమారు సాంబారును, నాలుగవమారు పెరుగును పోయించుకొని, ఆయాసముతో లేచి, "గిట్టింది" అని త్రేన్చుట మనమందరము చూచినదే. ఆ మహానుభావుడు పరదేశమునకు పోయి రైలు పాసు కొన్నచో నెట్లుండునో చూచు భాగ్యము మాత్రము అందరికిని అబ్బదు. మా బావగారి ధర్మమా యని నాకు మొన్న జపానులో అబ్బినది. వారి పేరు వేరైనను నా మనస్సులో వారు గిట్టుబాటయ్యగారే.

ఆ దేశమున విదేశీ యాత్రికుల కొఱకు ఏడు దినముల రైలు పాసొకటి కలదు. 2023 అక్టోబరునకు ముందు దాని వెల 29,650 యెన్నులు; పిదప 50,000. వెనుకటి ధరలో టోక్యోనుండి క్యోటోకు పోయి వచ్చిన మాత్రముననే పాసు వెల యించుమించు రాబట్టుకొనవచ్చును. ఇప్పుడు అంతమాత్రమే తిరిగినవానికి ఇరువదివేల యెన్నులకు పైగా చేతిచమురు వదలును. కావున విడి టిక్కెట్లే మేలని నేను మనవి చేసితిని. "కొద్దిగా తిరిగేవాడికి నష్టం గానీ, తిరగ నేర్చినవాడికేమిటోయ్!" అని వారు మువ్వురికిని మూడు పాసులు కొనిరి.

పాసునకు గడువు గంటల లెక్కను గాక తేదీల లెక్కను నడచునని తెలిసిన నాటినుండి వారికి సూర్యభగవానునిపై నొకవిధమైన పగ యేర్పడినది. మేము విమానము దిగినది సాయంకాలమగుటచే, ఆ కాస్త ప్రొద్దుకై ఒక దినమును బలి యీయరాదని పాసును మరునాటికి నిలిపి, ఆ మరునాడు నాలుగు గంటలకే మా అక్కయ్యను, నన్నును లేపి స్టేషనులో నిలువబెట్టిరి. టోక్యోనుండి క్యోటోవైపు పోవు షింకన్‌సెన్ అను వేగపు బండ్లలో మిక్కిలి వడిగలది నొజొమి. పాసుగలవాడు దాని నెక్కవలెనన్న వేరుగా రుసుము చెల్లింపవలెను. అది వచ్చిపోవుచున్నప్పుడెల్ల బావగారు తప్పిపోయిన సంబంధపు పెండ్లికొడుకును చూచినట్లు చూచి, మొగము త్రిప్పుకొని, "మన హికారి నిదానమైన బండి, సంసారపక్షంగా ఉంటుంది" అనెడివారు.

ఆ హికారిలో కుడివైపు కిటికీకడ కూర్చుండి మా అక్కయ్య ఫుజి పర్వతము కొఱకు కన్నులు కాయలు కాయునట్లు చూచుచుండెను. 3,776 మీటర్ల ఆ ధవళ శిఖరము మబ్బు చాటునుండి వెలువడి నిలిచిన వేళ బావగారు చిన్న పుస్తకములో టోక్యో-క్యోటో చార్జీ వేసికొనుచుండిరి. ఆమె వారి మోచేతిని పొడిచి చూపగా తలయెత్తి, "దానికి వేరే టిక్కెట్టా?" అని యడిగిరి.

క్యోటోలో అసలు కథ జరిగినది. బంగారు రేకు తాపిన కింకకుజి మందిరము అచ్చటి కెల్ల అలంకారము. 1950లో అగ్నికాహుతియై, 1955లో మరల లేచి నిలిచినది. అచ్చటికి స్టేషనునుండి సిటీబస్సు పోవును, టిక్కెట్టు 230 యెన్నులు. ఏబదివేలు పోసి కొన్న పాసు ఆ బస్సులో చెల్లదని వినగానే బావగారి మొగము, అల్లుడికి మర్యాద జరుగని యింట కూర్చున్న వియ్యంకుని మొగమువలె నయ్యెను. "చెల్లని చోటికి మనమెందుకు పోవాలి?" అని, పాసు చెల్లు రైలులో రెండవ స్టేషనైన ఇనారికి మమ్ము గొనిపోయిరి. బండి దిగగానే ఎదుటనే గుడి, కొండపైదాక వేలకొలది ఎఱ్ఱని తోరణద్వారములు, ద్వారపాలకులుగా నక్కలు. చూడదగినదే, సందేహము లేదు. అయినను సాయంకాలము బావగారు మరల అచ్చటికే తీసికొనిపోయినప్పుడు ఆ నక్కలు మమ్ము గుర్తుపట్టినట్లు నాకు తోచినది.

హిరోషిమా, మియాజిమా చూచితిమి. మియాజిమాకు రైలు సంస్థవారి పడవయు పాసులోనిదే యని బావగారు పరమానందభరితులై యుండగా, సందర్శకుల పన్ను 100 యెన్నులు వేరుగా నిమ్మనిరి. సముద్రములో నిలిచిన తోరణమును ఆ దెబ్బనుండి తేరుకొనక మునుపే వారు చూచిరి. కావున దానినిగూర్చి వారి యభిప్రాయము ప్రమాణముగా గ్రహింపరాదు.

టోక్యోకు తిరిగివచ్చిన రాత్రి లెక్క తేల్చగా, మరునాటి మరునాడు నరిటా విమానాశ్రయమునకు పోవు బండి చార్జీని గూడ కలిపికొన్నను, తలకు సుమారు వెయ్యి యెన్నులు తగ్గినవి. కామకురా గంట ప్రయాణము, పోయి వచ్చుటకు రెండువేలకు లోపు, ఆరుబయట కూర్చున్న కంచు బుద్ధుని దర్శనము, లెక్కయు సరిపడునని నేను సూచించితిని.

"నష్టం పూడితే సరా? లాభం వద్దూ?"

మరునాడు హయబుస యను బండిలో గంటకు 320 కిలోమీటర్ల వేగమున ఉత్తరముగా సెందాయ్ చేరితిమి. గంటన్నర ప్రయాణము, ఒకవైపునకే పదునొకండువేల యెన్నుల చార్జీ. ఆ నగరమును కట్టించిన దాతె మసమునె అశ్వారూఢుడై కొండపై నున్నాడట. కొండపైకి బస్సు కావలెనట. ఇరువది నిమిషములు ప్లాట్‌ఫారముపై పచారు చేసి తిరుగుబండి యెక్కితిమి. సెందాయ్ ప్లాట్‌ఫారము పరిశుభ్రముగా నున్నదని ఎవరడిగినను నేను సాక్ష్యమీయగలను.

ఇప్పుడు బావగారి పుస్తకములో తలకు ఇరువదివేల యెన్నులు లాభము నిలిచియున్నది. ఇంటికి వచ్చినవారికెల్ల కాఫీకంటె ముందు దానిని చూపుచున్నారు. మా అక్కయ్య మాత్రము నరిటాలో విమానమెక్కబోవుచు, ఫ్రిజ్జునకు అతికించు అయస్కాంతపు బిళ్ల నొకదానిని కొనుక్కొన్నది. దానిపై బంగారు మందిరమున్నది. దాని వెల ఆ బస్సు టిక్కెట్టునకు రెండింతలకు పైమాటే.